పదిహేడో నంబరు మీటరు

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఆ కాలవగట్టు టీకొట్టు ముందు నిలబడి చూడాలండీ ఆ వైభోగం. తొమ్మిది సైకిళ్లు గోడకి వరసగా ఆనించి ఉంటాయి. ఒక్కోదానికి ముందొక లైటు, వెనకొక లైటు, నీళ్ల సీసా, గాలి పంపు, దారి చూపించే చిన్న గడియారం లాంటి పెట్టె. వాటి ఎదురుగా బల్లల మీద తొమ్మిదిమంది మగాళ్లు. నెత్తిన హెల్మెట్లు, చేతులకి తొడుగులు, మెడకి మఫ్లర్లు, కూర్చునేచోట మెత్తలు కుట్టిన బిగుతు లాగులు. కొత్తవాళ్లెవరైనా చూస్తే వీళ్లిప్పుడే ఏ కొండో ఎక్కి దిగొచ్చారనుకుని లేచి దణ్ణం పెడతారు. వాళ్లు తొక్కిందల్లా ఇంటి నుంచి టీకొట్టు దాకా. అందులో ఇద్దరు ఆ కాస్త దూరం కూడా కారు మీద సైకిలు కట్టుకుని వచ్చారు.

ఇదీ తొలిపొద్దు సైకిలు సంఘం. ఎండాకాలంలో పుట్టింది, వానల్లో తడిసింది, చలికాలం రాగానే టీకొట్టులో స్థిరపడిపోయింది.

ఆ తొమ్మిదిమందిలో ఒకాయన మాత్రం మూల బల్ల మీద ఒంటరిగా కూర్చుని మిగతా ఎనిమిదిమందినీ చూసి మూతి విరుస్తూ ఉంటాడు. ఆయన్ని అందరూ ఐసన్న అంటారు. ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా మెకానిక్. మనిషి పొట్టి, మెడ లావు, మాట కటువు. సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉండే మూడో నంబరు గది ఆయన రాజ్యం. ఆ గది తాళం ఆయన నడుముకే వేలాడుతుంది. లోపల ఫ్యాను ఆగినా, పైపు మీద మంచు పేరుకున్నా, తలుపు రబ్బరు ఊడినా ఆయనే వెళ్లాలి. మిగతావాళ్లు పది నిమిషాలు లోపలుంటే పళ్లు టకటకా కొట్టుకుంటూ బయటికి పరిగెడతారు. ఈయన నలభై నిమిషాలు ఉండి, తీరిగ్గా వచ్చి, గడ్డానికంటిన మంచు దులుపుకుని, వాళ్లకేసి ఓ చూపు చూస్తాడు. ఆ చూపు కోసమే ఆయన అంతసేపు లోపల ఉంటాడని వాళ్లావిడ అంటుంది.

ఆ పనిలో ఒక నియమం ఉంది. చల్లగదిలో ఒంటిని నమ్మకూడదు. కాసేపటికి చర్మం మొద్దుబారిపోతుంది, చలి లేదనిపిస్తుంది, అలా అనిపించినవాడే ప్రమాదంలో పడతాడు. అందుకని గోడ మీదున్న మీటరు ఏం చెబితే అదే. ఐసన్న ఈ నియమాన్ని కోల్డ్ స్టోరేజీలో వదిలి రాలేదు, ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. స్నానానికి నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడడు. అన్నం వేడిగా ఉందంటే ఎంత వేడని అడుగుతాడు. ఇరవై ఏళ్లుగా ఆవిడ ఎలా వేగుతోందో ఆవిడకే తెలియాలి.

మరి అంత మొనగాడికి సైకిలు పిచ్చి ఎందుకు పట్టిందంటే, పట్టలేదు, పట్టించారు. ఎండాకాలంలో కంపెనీ డాక్టరమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టి చూస్తే రక్తపోటు పై నంబరు నూట అరవై ఎనిమిది వచ్చింది. చల్లగదిలో పనిచేసేవాళ్లకి నూట యాభై దాటకూడదని కంపెనీ రూలు. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "ఇవి సగం పనే చేస్తాయి. మిగతా సగం మీ కాళ్లు చెయ్యాలి. చలికాలం చివర్లో మళ్లీ పరీక్ష. అప్పటికి నూట యాభై లోపు రాకపోతే మిమ్మల్ని ఆ గదిలోకి పంపించలేను. ఆఫీసులో కూర్చోబెడతారు," అంది.

ఆఫీసు. ఆ మాట వింటేనే ఆయనకి ఒళ్లు మండింది. ఆఫీసంటే ఇరవై నాలుగు డిగ్రీల వెచ్చటి గది, తిరిగే కుర్చీ, రిజిస్టర్లు. ఇరవై రెండేళ్లు ఆ గదిలో కూర్చున్నవాళ్లని 'మెత్తటోళ్లు' అని వెక్కిరించిన నోరది. ఆ నోటితోనే వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవడం కంటే చావడం నయమనుకున్నాడు.

అందుకని ఓ పాత ఆకుపచ్చ సైకిలు కొన్నాడు, సంఘంలో చేరాడు. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, ఆదివారాలు. టీకొట్టు నుంచి కాలవగట్టు వెంట లాకుల దాకా ఏడు కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి ఏడు. మొదటి వారం ఆయాసంతో నాలుక బయటికొచ్చింది. నెల తిరిగేసరికి కుదురుకున్నాడు. మూడు నెలలయ్యేసరికి పై నంబరు నూట యాభై రెండుకి దిగింది. ఇంకో రెండు దిగితే చాలు. డాక్టరమ్మ భుజం తట్టింది. ఐసన్నకి ఏనుగెక్కినంత సంబరమైంది. కానీ బయటికి ఆ ముక్క చెప్పకుండా, "ఈ పూల చొక్కాల వాళ్లతో తొక్కితేనే ఇంత తగ్గిందంటే, సరైన మనుషులతో తొక్కితే ఇంకెంత తగ్గేదో," అన్నాడు ఇంట్లో.

చలి మొదలవుతూనే సంఘానికి దిగులు పట్టుకుంది. అధ్యక్షుడు పళ్ల డాక్టరు. ఎదుటివాళ్ల పన్ను పీకేటప్పుడు చెయ్యి వణకదు గానీ, తెల్లవారుజామున గాలి తగిలితే మాత్రం తట్టుకోలేడు. ఆయన మీటింగు పెట్టి, పది డిగ్రీల కంటే తక్కువుంటే రైడు రద్దు అని తీర్మానం చేయించాడు. పది డిగ్రీలు. మన ఐసన్నకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పది డిగ్రీలంటే ఆయనకి ఉక్కపోత.

"అన్నయ్యా, మీ దగ్గర చలి కొలిచే మీటర్లుంటాయిగా. ఒకటి తెచ్చి పెడితే మాకిక వాదనలుండవు," అన్నాడు అధ్యక్షుడు.

"తెస్తాలే," అన్నాడు ఐసన్న.

కోల్డ్ స్టోరేజీలో మీటర్లని మూడు నెలలకోసారి సరిచూస్తారు. గిన్నెలో ఐసు ముక్కలు దంచి, నీళ్లు పోసి, మీటరు కడ్డీ అందులో ముంచితే ముల్లు సరిగ్గా సున్నా మీద నిలబడాలి. నిలబడనిదాన్ని పక్కన పెడతారు. అలా పక్కన పెట్టినవన్నీ ఒక సొరుగులో పడుంటాయి. అద్దం పగిలినవి, ముల్లు వంగినవి, తప్పు చూపించేవి, అన్నీ కలగాపులగంగా. పక్క అలమర్లో సరైన పాత మీటర్లు నాలుగున్నాయి. అడిగితే స్టోరు గుమస్తా ఇచ్చేవాడే. ఐసన్న అలమరా వైపు కూడా చూడలేదు. సొరుగు లాగి, పైనే ఉన్న గుండ్రటి మీటరు తీశాడు. అద్దం మీద చిన్న గీత ఉంది. ముల్లు కదులుతోంది. వెనక్కి తిప్పి కూడా చూడలేదు.

"వీళ్ల మొహాలకి ఇది చాలు," అనుకుని జేబులో వేసుకున్నాడు.

టీకొట్టావిడ బయటి గోడకి మేకు కొట్టించి దాన్ని తగిలించింది. తెల్లటి పళ్లెం, నల్ల ముల్లు, అంచున ఎర్ర రంగుతో పదిహేడు అని నంబరు. పళ్ల డాక్టరు దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు.

ఇక చూడండి. మొదటి మంగళవారం ముల్లు తొమ్మిది మీద ఉంది. రద్దు. గురువారం ఎనిమిది. రద్దు. ఆదివారం తొమ్మిదిన్నర. అందరూ మీటరు ముందు గుంపుగా నిలబడి, అయ్యో అరడిగ్రీలో తప్పిపోయిందే అని తెగ బాధపడిపోయి, ఆ బాధ తీరడానికి తలా రెండు టీలూ ఓ వెన్న రాసిన బన్నూ తిన్నారు. అలా వారాలు గడిచాయి. సంఘంలోనే ఉన్న జిరాక్సు షాపతను కొత్త చేతితొడుగులు కొని, వాటితో టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలడం లేదని అందరికీ చూపించాడు. చలికాలంలో ఆ తొడుగులు చేసిన ఘనకార్యం అదొక్కటే.

ఐసన్న ఇవన్నీ మూల బల్ల మీద నుంచి చూసేవాడు. చూసి ఇంటికెళ్లి వాళ్లావిడకి వడ్డించేవాడు.

"ఎనిమిది డిగ్రీలకి గజగజలాడిపోతున్నారే. వీళ్లని నా గదిలో ఒక్క గంట పెట్టి తాళం వేస్తే కోతలన్నీ గడ్డకట్టి కింద రాలతాయి."

"వాళ్ల సంగతి సరే. మీరు తొక్కారా?" అంది ఆవిడ.

"ఎలా తొక్కుతాను? రైడు రద్దయిందిగా."

"వాళ్లకి రద్దయింది. మీ సైకిలుకేమైంది?"

"సంఘం అన్నాక ఓ పద్ధతుంటుంది. నేనొక్కణ్ణే ఉంటే రోజూ తొక్కేవాణ్ణే. ఈ వాజమ్మల వల్ల ఆగిపోయింది."

"నాకైతే పొద్దున్న బయటికెళితే అంత చలి అనిపించలేదండీ. నిరుటికంటే తక్కువే ఉంది."

"నీకనిపిస్తే సరిపోతుందా? ఒళ్లు అబద్ధం చెబుతుంది. మీటరు చెప్పదు."

 ఆవిడ ఆయన బూట్లకి అంటుకున్న బన్ను తునకని వేలితో చూపించి వెళ్లిపోయింది.

అసలు నిజం చెప్పుకుందాం. ఐసన్నకి ఆ బల్ల బాగా అలవాటైపోయింది. పొగలు కక్కే టీ, మెత్తటి బన్ను, ఎదురుగా తనకంటే పనికిమాలినవాళ్లు ఎనిమిదిమంది. ఇంతకంటే సుఖం ఏముంటుంది? తొక్కని పాపం వాళ్లది, తిట్టే పుణ్యం తనది. ఒంటరిగా గట్టు మీద వెళితే ఎవర్ని తిట్టుకుంటూ తొక్కాలి?

ఒకసారి మాత్రం చిక్కొచ్చిపడింది. సంఘంలో ఓ డ్రాయింగు మాస్టారున్నాడు, రిటైరయ్యాడు, మెత్తటి మనిషి. ఆయన ఫోను చూస్తూ, "ఇందులో పన్నెండు అంటోందే," అన్నాడు నెమ్మదిగా. గోడ మీద ముల్లు ఎనిమిది మీద ఉంది. అందరూ ఒక్కసారిగా టీ తాగడం ఆపారు. పళ్ల డాక్టరు మొహం మాడిపోయింది.

ఐసన్నకి రోషం వచ్చింది. తను తెచ్చిన మీటరుని ఫోనుతో పోలుస్తారా?

"మాస్టారూ, ఆ ఫోను ఎక్కడో ఊరి నడిబొడ్డున లెక్క చెబుతుంది. ఇది కాలవగట్టు. ఇక్కడ నీటి గాలి. ఇరవై రెండేళ్లుగా మీటర్లతో బతుకుతున్నాను, నాకు తెలీదా? గోడ మీదున్నదే నిజం. మీరు బొమ్మలేసుకోండి, చలి లెక్క నాకొదిలెయ్యండి."

మాస్టారు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. పళ్ల డాక్టరు లేచొచ్చి ఐసన్నకి ఇంకో టీ తన చేత్తో తెచ్చిచ్చాడు. జిరాక్సు షాపతను కళ్లతోనే ఏదో మెచ్చుకోలు పంపించాడు. నా మాటకి విలువిచ్చారని ఐసన్న పొంగిపోయాడు.

చలికాలం చివరికొస్తోందనగా పరీక్ష. డాక్టరమ్మ పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, వదిలింది. మళ్లీ చుట్టి మళ్లీ చూసింది.

"నూట అరవై నాలుగు," అంది.

ఐసన్న ఆ పట్టీ వంక అనుమానంగా చూశాడు. తర్వాత, "మీ మీటరు సరిగ్గానే ఉందా అండీ?" అని అడిగాడు.

డాక్టరమ్మకి కోపం రాలేదు. "మూడు నెలలకోసారి సరిచూయిస్తాం. తేడా వచ్చినదాన్ని వాడం, ఇంకెవరికీ ఇవ్వం, పారేస్తాం. ఇది మొన్ననే చూశారు. మీరు తొక్కడం ఆపేశారు కదూ?"

"నేను కాదండీ, సంఘం..." అని నీళ్లు నమిలాడు.

"రక్తపోటు సంఘానికి లేదు, మీకుంది. ఒక నెల గడువిస్తున్నాను. అప్పటిదాకా మూడో గది తాళం వేరే మెకానిక్కి ఇచ్చెయ్యండి."

నడుముకున్న తాళం విప్పి ఇచ్చేటప్పుడు కొక్కెం ఇరుక్కుపోయి ఓ పట్టాన రాలేదు. ఇరవై రెండేళ్ల కొక్కెం మరి. మెత్తటోళ్ల గదిలో తిరిగే కుర్చీ ఒకటి ఆయన కోసం కిటికీ పక్కన వేశారు. ఎవరూ వెక్కిరించలేదు. మంచినీళ్లు కావాలా అన్నా అని అడిగారు. వెక్కిరించినా బాగుండేది.

రెండో రోజు ఆయనకి పాత రిజిస్టర్లు సర్దే పని అప్పజెప్పారు. డాక్టరమ్మ అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. తేడా వచ్చినదాన్ని ఇంకెవరికీ ఇవ్వం, పారేస్తాం. ఎందుకో చెయ్యి దానంతటదే మీటర్ల రిజిస్టరు మీదకి వెళ్లింది. తెరిచాడు. నాలుగేళ్ల కిందటి పేజీ. అక్షరాలు తనవే. 'పదిహేడో నంబరు. నాలుగు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. వెనక రాశాను. వాడొద్దు.' కింద సంతకం కూడా తనదే.

 తెల్లటి పళ్లెం, నల్ల ముల్లు, అంచున ఎర్ర పదిహేడు. చలికాలమంతా వారానికి మూడుసార్లు దాని ముందు కూర్చుని బన్ను తిన్నాడు. ఎనిమిదంటే పన్నెండన్నమాట. తొమ్మిదంటే పదమూడు. ఒక్క రోజంటే ఒక్క రోజు కూడా రద్దు కావాల్సింది కాదు. ఫోను నిజం చెప్పింది. మాస్టారు నిజం చెప్పాడు. ఇంట్లో ఆవిడ ఒళ్లు నిజం చెప్పింది. అబద్ధం చెప్పింది మీటరు, దాన్ని తెచ్చింది తను, దాని తరఫున నోరు పారేసుకుంది తను. సిగ్గుతో తలకొట్టేసినట్టయింది. అలమర్లోంచి మంచిది తీసివ్వడానికి చెయ్యి రాలేదు, వీళ్ల మొహాలకి ఇది చాలన్నాడు. వాళ్ల మొహాల పక్కనే తన మొహం కూడా ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఆదివారం టీకొట్టుకి వెళ్లాడు. బల్ల దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా గోడ దగ్గరికెళ్లి మీటరు తీసి, వెనక్కి తిప్పి, అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. వెనక నల్ల సిరాతో ఆయన రాతే ఉంది. నాలుగు తక్కువ, వాడొద్దు.

"తప్పయిపోయింది," అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడం వాళ్లావిడ కూడా ఎన్నడూ వినలేదు. "చూసుకోకుండా తెచ్చాను. చలికాలమంతా మీ రైడ్లు పాడుచేశాను. నన్ను నాలుగు తిట్టండి, పడతాను."

ఎవరూ తిట్టలేదు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. తర్వాత పళ్ల డాక్టరు ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"ఊరుకో అన్నయ్యా. మాకు రెండో వారమే తెలుసు."

"తెలుసా?"

"గోడకి సున్నం వెయ్యడానికి నేనే తీశానుగా అన్నయ్యా. అప్పుడే ఇక్కడున్నవాళ్లంతా చదివారు," అంది టీకొట్టావిడ.

"మీరు కావాలనే చేశారనుకున్నాం," అన్నాడు జిరాక్సు షాపతను. "ఎంత మంచి మనసు, అడక్కుండానే మన కష్టం తెలుసుకున్నాడని ఎన్నిసార్లు చెప్పుకున్నామో. ఆ రోజు మాస్టారు ఫోను తీసినప్పుడు మా ప్రాణాలు పోయాయి. మీరు ఒక్క మాటతో నిలబెట్టారు. మా అందర్లోకీ మొనగాడు మీరే అన్నా."

అందరూ తలూపారు. చప్పట్లు కొట్టారు కూడా. ఐసన్నకి చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. చలికాలమంతా ఆయన వీళ్లని చూసి నవ్వుకున్నాడు. వీళ్లేమో చలికాలమంతా ఆయన్ని తమలోకెల్లా ఘనుడని నెత్తిన పెట్టుకున్నారు. బద్ధకస్తుల్లో పెద్ద బద్ధకస్తుడు. అది కాదని చెప్పడానికి ఒక్క ఋజువన్నా ఉందా అని వెతుక్కున్నాడు. తొక్కిన రోజు ఒక్కటి కూడా దొరకలేదు.

"డ్రాయింగు మాస్టారికి కూడా తెలుసా?" అని మాత్రం అడిగాడు.

"ఆయనకి చెప్పలేదు. ఆయన తొక్కుదామంటాడు," అన్నాడు పళ్ల డాక్టరు.

మాస్టారు తన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఐసన్న ఆయన కళ్లలోకి చూడలేకపోయాడు. మీటరు చేతిలో పెట్టుకుని వెళ్లిపోబోతే పళ్ల డాక్టరు మెల్లగా లాక్కుని మళ్లీ మేకుకి తగిలించాడు. "ఇంకో నెల చలి ఉందన్నయ్యా," అన్నాడు.

మర్నాటి నుంచి ఐసన్న ఒక్కడే తొక్కాడు. వారానికి మూడు రోజులు కాదు, ప్రతిరోజూ. మొదటి రోజు లాకుల దాకా వెళ్లలేక నాలుగో కిలోమీటరు రాయి దగ్గర దిగి, సైకిలు మీద వాలి, అరగంట ఆయాసపడ్డాడు. ముక్కు కారింది, చెవులు నొప్పెట్టాయి. పెద్ద చల్లగది వీరుడు, పన్నెండు డిగ్రీల గాలికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చల్లగదిలో తొడుక్కునే దళసరి కోటు ఇక్కడ లేదుగా. రెండో వారానికి లాకులు అందాయి. నాలుగో వారానికి మధ్యలో దిగకుండా వెళ్లొచ్చాడు. వాళ్లావిడ రోజూ తలుపు దగ్గర నిలబడి చూసేది, ఎంత చలిగా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు.

నెల నిండింది. డాక్టరమ్మ పట్టీ చుట్టింది.

"నూట యాభై నాలుగు."

ఆయన మీటరు గురించి అడగలేదు.

"బాగా తగ్గించారు. కానీ చలికాలమంతా చెయ్యాల్సింది నెలలో అవదండీ," అంది ఆవిడ. "ఈ ఏడాదికి ఆఫీసులోనే ఉండండి. నేను రూలు దాటలేను."

మూడో గది తాళం కొత్త మెకానిక్ నడుముకే ఉండిపోయింది. ఐసన్న ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. ఎవర్నీ తిట్టలేదు. వాళ్లావిడ కాసేపు చూసి, తిట్టడేమని కంగారుపడి, చెయ్యి పట్టుకుని నుదురు కూడా తాకి చూసింది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న ఆయన సైకిలు మీద టీకొట్టు ముందు నుంచి వెళ్తున్నాడు. గోడ మీద మీటరుంది. దాని కింద కొత్తగా ఓ చెక్క పలక. 'దాత: శ్రీ ఐసన్న గారు' అని గుండ్రటి అక్షరాలు. డ్రాయింగు మాస్టారు సంఘం మానేశాడు కాబట్టి జిరాక్సు షాపతనే కంప్యూటర్లో కొట్టించి అతికించాడు. ఎనిమిదిమంది కాస్తా ఏడుగురయ్యారు గానీ హెల్మెట్లలో తేడా ఏం లేదు.

"అన్నయ్యా," అని కేకేశాడు పళ్ల డాక్టరు. "మన మీటరు ఏడు చూపిస్తోంది. ఇంత చలిలో ఎక్కడికి? దిగు, టీ తాగుదువు గాని."

ఐసన్న ఒక కాలు కింద పెట్టి ఆగాడు. పలక చదివాడు.

"ఏడుకి నాలుగు కలపండి. పదకొండుంది. మీ తీర్మానం ప్రకారం రైడుంది. రండి," అన్నాడు.

ఏడుగురూ గోడ మీది ముల్లు వంక చూశారు. తర్వాత జిరాక్సు షాపతను పగలబడి నవ్వాడు, అతన్ని చూసి పళ్ల డాక్టరు, ఆయన్ని చూసి మిగతావాళ్లూ. భలే జోకు వేశావన్నా అన్నారు. టీకొట్టావిడ కూడా నవ్వింది. ఈసారి వాళ్లని చూసి ఐసన్న మూతి విరవలేదు.

ఆయన పెడలు తొక్కి గట్టెక్కాడు. నాలుగో కిలోమీటరు రాయి దగ్గర డ్రాయింగు మాస్టారు సైకిలు ఆపుకుని, ఆయాసం తీర్చుకుంటూ కనిపించాడు.

"మాస్టారూ, ఆ రోజు మీ ఫోనే కరెక్టు," అన్నాడు ఐసన్న దిగకుండానే.

"తెలుసయ్యా. నువ్వు చెప్పావు కదా అని ఊరుకున్నాను," అన్నాడు మాస్టారు.